హుస్సేన్‌బీ విన్న కొండ

జగ్గయ్యపేటలో షేక్ ఖలందర్ ఇంటి ముందు పొద్దున ఏడింటికల్లా ఒక మోటారు సైకిలైనా వచ్చి ఆగుతుంది. వచ్చినవాళ్లు బండి దిగకుండానే "పిన్ని ఉందా?" అంటారు. ఖలందర్ నోట్లో బ్రష్షు తియ్యకుండానే లోపలికి తల తిప్పి, "ఏమే, నీ కోసం వీరులపాడు వచ్చింది" అనో, "కీసర వచ్చింది" అనో కేకేస్తాడు. మనుషుల పేర్లు ఆయన అడగడు. ముప్పై మూడేళ్లు టూరిస్టు వ్యాను తోలినవాడికి మనుషులకన్నా ఊళ్లే బాగా గుర్తుంటాయి.

ఆయన భార్య హుస్సేన్‌బీ టీ గ్లాసు కడిగి బోర్లించి, పాత తువ్వాలొకటి చంకన పెట్టుకుని వాళ్ల బండెక్కుతుంది. పొలంలో తువ్వాలు పరిచి, పక్కకి తిరిగి పడుకుని, కుడిచెవి నేలకి ఆనిస్తుంది. పావుగంట, ఒక్కోసారి అరగంట. అప్పుడు లేచి, చెంపకంటిన మట్టి దులుపుకుని, "ఇక్కడ కాదు. ఆ తుమ్మచెట్టుకి పదడుగులు ఇవతల. నూట తొంభై అడుగుల దగ్గర నీళ్లు పడతాయి. ఇంకా కిందకి పోమాకండి, అంతా రాయే" అంటుంది. బోరు వేసే రిగ్గు బండి అక్కడే పెడతారు, నీళ్లు అక్కడే పడతాయి. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసేవాళ్లు, వేపపుల్ల పట్టుకుని తిరిగేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. సొంత పొలంలో బోరు వేయించుకోవాల్సి వస్తే మాత్రం వాళ్లు కూడా హుస్సేన్‌బీకే కబురు పెడతారు. ఇంతియ్యమని ఆవిడ ఎవర్నీ అడగదు. ఇంట్లో మాత్రం మిరపకాయలకీ కందులకీ ఏనాడూ కొదవ లేదు.

కొదవల్లా ఖలందర్‌కి పనే. షుగరు ముదిరి కుడికన్ను మసకేసేసరికి రెండేళ్ల కిందట వ్యాను అమ్మేశాడు. అప్పట్నుంచి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే బళ్ల హారన్లు వింటూ, "ఇది లారీ కాదు, ట్రావెల్స్ బస్సు, బ్రేకు సరిగ్గా లేదు" అని తనలో తను అనుకుంటూ ఉండేవాడు. కోదాడలో ఉండే కూతురు షమీమ్ రోజూ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావు అబ్బా?" అని అడిగితే, "కూచున్నానమ్మా" అనేవాడు. రెండేళ్లుగా ఆ జవాబు మారలేదు.

దాన్ని మార్చింది వీరులపాడు బుల్లిబాబు గారి బోరు. ఆయన మిర్చి రైతు. మూడు బోర్లు ఎండిపోయాక హుస్సేన్‌బీ చెప్పిన నాలుగోది పొంగింది. వారం తిరిగాక ఆయన కూతురు కృష్ణప్రియ స్వీటు డబ్బా పట్టుకుని స్కూటీ మీద జగ్గయ్యపేట వచ్చింది. నందిగామ హైస్కూల్లో సోషల్ టీచర్. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఏ మాటకైనా ఇంకో ప్రశ్న వేసే మనిషి.

"నీళ్లెక్కడున్నాయో వినపడతాయి, సరే పిన్నీ. నీళ్ల కింద ఏం వినపడుద్ది?"

"నీళ్ల కింద రాయి. అది ఊరికే ఉండదమ్మా, కిర్రుమంటా ఉంటది."

"దాని కింద?"

ఇంతవరకు ఎవరూ ఆవిణ్ణి ఆ మాట అడగలేదు. నీళ్లు పడ్డాక కింద ఏముంటే ఎవరికి కావాలి? హుస్సేన్‌బీ "చాలా లోతున ఉడుకు" అంది. "పెళ్లిలో గుండిగలో అన్నం ఉడికినట్టు కుతకుత. నా చిన్నప్పట్నుంచీ ఉంది. ఎటు తిరిగి పడుకున్నా అది ఒక్క వైపు నుంచే వస్తది."

"ఏ వైపు?"

ఆవిడ అక్కడే గచ్చు మీద పడుకుని, కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంకుకి కాస్త ఎడంగా చూపించింది. కృష్ణప్రియ ఫోన్లో దిక్సూచి తీసి, వేలి పక్కన పెట్టి, అంకె రాసుకుంది.

ఆ పై ఆదివారం స్కూల్లోని గ్లోబు తెచ్చింది, దుప్పట్లో చుట్టి. దారం ఒక కొస పట్టుకోమని ఖలందర్‌కి ఇచ్చింది. ఆయన మసక కన్ను మూసి మంచి కన్నుతో చూసి, "ఇందులో జగ్గయ్యపేట లేదే" అన్నాడు. చివరికి హైదరాబాదుకీ మద్రాసుకీ మధ్య అందాజాగా బొటనవేలు నొక్కిపెట్టాడు. కృష్ణప్రియ రాసుకున్న అంకె దిక్కుగా లాగితే, దారం బంగాళాఖాతం దాటి, సుమత్రా దాటి, జావా అనే దీవి మీదకి పోయింది.

"ఈ దారి పొడుగునా అగ్నిపర్వతాలే బాబాయ్. మనబోటి వాళ్లు వెళ్లి అంచు దాకా ఎక్కి చూడగలిగేది ఇదొకటి. బ్రోమో అంటారు. దాని చుట్టూ అంతా నేషనల్ పార్కు." ఫోన్లో వీడియో పెట్టింది. బూడిదరంగు ఇసుక మైదానం, మధ్యలో తల కొట్టేసిన కొండ, ఆ నోట్లోంచి తెల్లటి పొగ.

హుస్సేన్‌బీ ఆ పొగ వంక రెప్ప వెయ్యకుండా చూసింది. "అదే" అంది. ఫోను దగ్గరకి లాక్కుని, "దాన్ని నేను చూడాలి" అంది.

ఖలందర్ ఉలిక్కిపడ్డాడు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఒక ఊరు చూడాలని ఆవిడ అనడం ఇదే మొదటిసారి. వ్యాన్లో సీటు ఖాళీగా ఉంది, అజ్మీరు దాకా రావే అని బతిమాలినా వచ్చేది కాదు. కొత్త ఊళ్లో నేల ఒకటే వాగుతుందట, ఆవిడకి నిద్రపట్టదట.

"నేను కూడా ఎప్పట్నుంచో అనుకుంటున్నా పిన్నీ" అంది కృష్ణప్రియ. "పదకొండేళ్లుగా పిల్లలకి బోర్డు మీద అగ్నిపర్వతం బొమ్మ వేస్తన్నా. ఒక్కదాన్నే వెళ్తానంటే నాన్న పడనివ్వడు. మీతో అంటే కాదనడు."

ఇద్దరూ ఖలందర్ వంక చూశారు. ఆయన కుర్చీలోంచి లేచి, లోపలికెళ్లి, అటక మీంచి వ్యాను నాటి పొడుగు పుస్తకం దించాడు. దుమ్ము దులిపి, కొత్త పేజీ తీసి, పైన "786" వేసి అడిగాడు: "దిగిన కాణ్ణుంచి కొండకి ఎన్ని కిలోమీటర్లు? ఘాట్ రోడ్డెంత?"

ఆ రోజు నుంచి వరండా ఖలందర్‌కి ఆఫీసైపోయింది.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కణ్ణుంచి సురబాయా. అది విమానం పని, కృష్ణప్రియ చూసుకుంటుంది. సురబాయా నుంచి కొండ దాకా నాలుగు గంటల రోడ్డు మాత్రం ఖలందర్‌ది. ఫోన్లో ఆ రోడ్డుని వేలితో జరుపుకుంటూ, ఏ బంకు దగ్గర బాత్రూములు శుభ్రంగా ఉన్నాయో, ఏ మలుపు దగ్గర లారీలు నిలబడతాయో, ప్రోబొలింగో అనే ఊళ్లో ఎక్కడ టీకి ఆగితే బాగుంటుందో రాసుకున్నాడు. "తెల్లారగట్ల మూడింటికి జీపులన్నీ ఒక్కసారే పోతాయి, సూర్యోదయం కోసం. మనకొద్దు. ఆ మంద దిగిపోయాక ఎనిమిదింటికి పోదాం. కొండ అక్కడే ఉంటది" అన్నాడు. ముప్పై మూడేళ్ల అనుభవం ఆ మాటలో ఉంది కాబట్టి టీచరమ్మ ఎదురు చెప్పలేదు.

తిండి దగ్గర చిన్న చర్చ జరిగింది. హలాల్ కోసం హుస్సేన్‌బీ దిగులు పడుతుంటే కృష్ణప్రియ నవ్వింది. "అక్కడ అందరూ మీవాళ్లే పిన్నీ. ఇబ్బంది నాకు. నేను గుడ్డు కూడా తినను." దాంతో టీచరమ్మ కోసం కందిపొడి, గోంగూర పచ్చడి చెయ్యడం హుస్సేన్‌బీ బాధ్యతైంది.

పాస్‌పోర్టు దగ్గర బండి కొంచెం ఆగింది. ఆవిడ పేరు ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో "ఉసేనమ్మ" అని ఉంది. అది సరిచేయించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ కాగితాలన్నీ చూసి, సంతకాలు పెట్టించుకుని, లేవకుండా కూచున్నాడు.

"ఇంకేమైనా కావాలా అండీ?" అని అడిగాడు ఖలందర్.

"అబ్బే, అంతా క్లియర్. మాది జి.కొండూరు దగ్గరండి. రెండెకరాలుంది. అమ్మగారు ఫారిన్ వెళ్లేలోపు ఒక్కసారి..."

వెళ్లి విని వచ్చింది. నూట నలభై అడుగులు.

దసరా సెలవులకి టిక్కెట్లు తీశారు. వ్యాను అమ్మిన డబ్బు అందుకే దాచానని ఖలందర్ అందరికీ చెప్పాడు గానీ, అది నిజం కాదని ఆయనకీ తెలుసు, భార్యకీ తెలుసు. ఇక ప్రతి గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హుస్సేన్‌బీ గచ్చు మీద పడుకుని కొండ ఎలా ఉందో చూసి చెప్పేది. "ఈ వారం కాస్త గుర్రుగా ఉంది" అంటే ఖలందర్ అది పుస్తకంలో రాసి, కృష్ణప్రియకి ఫోన్ చేసేవాడు. ఆ అమ్మాయి పార్కు వాళ్ల వెబ్‌సైటు తెరిచి, "అవును బాబాయ్, అంచు దగ్గరకి రానివ్వట్లేదంట" అనేది. ఇంకో వారం "సన్న సెగ మీద ఉంది" అనేది హుస్సేన్‌బీ. ఆ వారం అక్కడ జనం ఎక్కుతూనే ఉండేవాళ్లు.

కూతురు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావు అబ్బా?" అంటే ఇప్పుడు ఖలందర్ పది నిమిషాలు ఆపకుండా చెప్పేవాడు. చివరికి షమీమే "అన్నం పొయ్యి మీదుంది, పెట్టేస్తా" అనాల్సి వచ్చేది.

కొండ అంచుకి రెండొందల యాభై దాకా మెట్లున్నాయని తెలిసినప్పటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే ధనబోడు ఎక్కడం మొదలుపెట్టాడు. ఊరి పక్కన బౌద్ధుల నాటి స్తూపం ఉన్న గుట్ట అది. పెద్ద ఎత్తేం కాదు. అయినా మొదటి వారం రెండు సార్లు ఆగాడు, మూడో వారానికి నాలుగు సార్లు. అలవాటయ్యే కొద్దీ తగ్గాల్సింది పెరుగుతోందేమిటని ఆయనకి అనుమానం రాకపోలేదు. కొత్త బూట్లు బిగుతుగా ఉన్నాయని తనకి తనే చెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం "గబగబా ఎక్కేస్తన్నా" అన్నాడు.

ప్రయాణం ఇంకా పదహారు రోజులుందనగా వచ్చిన గురువారం. ఎండ చుర్రుమంటోంది. భోంచేసి, పుస్తకం తల కింద పెట్టుకుని, చల్లగా ఉంటుందని గచ్చు మీదే నడుం వాల్చాడు ఖలందర్. అటు పక్కన హుస్సేన్‌బీ కొండ కోసం చెవి ఆనించింది. ఆయనకి కునుకు పట్టింది.

భుజం మీద చెయ్యి పడితే మెలకువ వచ్చింది.

"బోర్లా తిరుగు" అంది భార్య.

"ఎందుకే?"

"తిరగమన్నానా!"

తిరిగాడు. ఆవిడ ఆయన వీపు మీద ఎడం పక్కన చెవి ఆనించింది. చొక్కా లోంచి ఆవిడ చెంప వేడి తగులుతోంది. పావుగంట అలాగే ఉంది. పొలాల్లో ఆవిడ వింటున్నప్పుడు చుట్టూ నిలబడ్డ రైతులు ఎందుకు ఊపిరి బిగబట్టుకుంటారో ఖలందర్‌కి అప్పుడు అర్థమైంది. కదలకుండా, నేలలాగా పడుకున్నాడు.

"ధనబోడు ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగుతున్నావు?"

"ఒకసారి."

"ఎన్నిసార్లు?"

"నాలుగు" అన్నాడు గచ్చు వంక చూస్తూ.

హుస్సేన్‌బీ లేచి కూచుని జుట్టు ముడేసుకుంది. "కొండ కోసం పడుకున్నా. దానికి అడ్డంగా నీది వినపడింది. బోరులో నీళ్లు తగ్గాక మోటారు గాలి లాగుద్ది చూడు, అట్టా ఉంది. ఎడం పక్కన పైనుంచి దిగే కాలవ ఒకచోట పూడింది. మూడొంతులు పూడింది. రేపు పొద్దున బెజవాడ పోదాం."

"వచ్చాక చూపించుకుంటాలే."

"ముందు."

"పదహారు రోజులుంది! చూశాక వాళ్లు వెళ్లొద్దంటే? ఆ పిల్ల సెలవులు పెట్టుకుంది, టిక్కెట్లు తీశాం, ప్రోబొలింగోలో టీ ఎక్కడ తాగాలో కూడా రాశా!" ఖలందర్ గొంతు లేచింది. ఆయన అంత గట్టిగా మాట్లాడి రెండేళ్లయింది. లోపల నిజంగా భయమేసింది. గుండె మాట కన్నా, మళ్లీ ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూచోవాల్సి వస్తుందేమోనన్నదే ఎక్కువ భయం.

హుస్సేన్‌బీ వాదించలేదు. "నేను చెప్పిన చోట నీళ్లు పడని బోరు ఒక్కటి చూపించు. ఒక్కటంటే ఒక్కటి. ఈ మాట ఇంతటితో వదిలేస్తా" అంది.

ఖలందర్ మొండిగా ఆలోచించాడు. వీరులపాడు, కీసర, కంచికచర్ల, జి.కొండూరు, అటు తెలంగాణ గట్టు మీది పల్లెలు. ఊళ్లన్నీ వరసగా మనసులో తిరిగొచ్చాడు. ఏ ఊళ్లో ఏ బోరు, ఎన్నడుగులు, అన్నీ గుర్తున్నాయి. సాయంత్రం టీ తాగేదాకా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"ఎన్నింటి బస్సుకి పోదాం?" అన్నాడు.

బెజవాడలో ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న కుర్రది, కాగితం మీద రాసుకుంటూ అడిగింది: "నొప్పి వచ్చిందా?"

"లేదమ్మా."

"మరి అనుమానం ఎందుకొచ్చింది?"

"మా ఆవిడ వింది."

ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా "భార్య విన్నారు" అని రాసుకుని, "ఏ వైపమ్మా?" అని హుస్సేన్‌బీని అడిగింది. ఈసీజీలో పెద్దగా ఏమీ కనపడలేదు. అయినా పెద్ద డాక్టరు ఆ కాగితం చదివి యాంజియోగ్రాం చేద్దామన్నాడు. ఎడంపక్క పెద్ద రక్తనాళం డెబ్బై అయిదు శాతం పూడింది. మర్నాడే స్టెంటు వేశారు.

"ఆ మెట్లు గనక ఎక్కి ఉంటే దిగేవారు కాదండి" అన్నాడు పెద్ద డాక్టరు, వార్డులోకి వచ్చినప్పుడు. అని, హుస్సేన్‌బీ వైపు తిరిగి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు.

ఆవిడ మంచం మీదకి వంగి ఛాతీకి చెవి ఆనించింది. "నిండుగా పోస్తంది" అంది. డాక్టరు తల ఊపి పక్క మంచం దగ్గరకి వెళ్లాడు.

సాయంత్రం కృష్ణప్రియ నందిగామ నుంచి బత్తాయిలు పట్టుకుని వచ్చింది. ఖలందర్ ఆ అమ్మాయి మొహం చూడలేక కిటికీ వంక తిరిగాడు.

"పాడు చేశానమ్మా. పదకొండేళ్లుగా అనుకుంటున్నావు."

"పదకొండేళ్లు ఆగినదాన్ని ఇంకో ఏడు నెలలు ఆగలేనా బాబాయ్?" అంటూ స్టూలు లాక్కుని కూచుని బత్తాయి వొలిచింది. "వేసవి సెలవులకి మార్చేశా. మేలో అక్కడ వానలుండవంట. ఇంతకీ పుస్తకం ఏది? సురబాయాలో మనకి బండి తోలే అతను రాత్రి మెసేజ్ పెట్టాడు. మీరు రాసిన టీ హోటలు మూసేశారంట."

ఖలందర్ గబుక్కున లేవబోయాడు. "మూశారా? అయితే దాని ముందుది చూడాలి. నా ఫోనేదీ?"

"పడుకో" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మే నెల రెండో వారంలో, జావాలో తెల్లారగట్ల వచ్చిన జనమంతా దిగిపోయాక, పొద్దున ఎనిమిదిన్నరకి ఒక ఎర్ర జీపు ఇసుక మైదానం దాటి ఆగింది. మంకీ క్యాపు పెట్టుకున్న ఖలందర్ ముందు సీట్లోంచి దిగి, అలవాటు కొద్దీ నాలుగు టైర్లూ చూశాడు. డ్రైవరు కుర్రాడు నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. గుర్రాలు ఎక్కమని మనుషులు చుట్టూ మూగితే వద్దని, ముగ్గురూ బూడిదలో కాళ్లు కూరుకుపోతుంటే నడిచారు.

మెట్ల దగ్గర కృష్ణప్రియ ముందు పరిగెత్తింది, స్కూలు పిల్లలాగా. ఖలందర్ మాత్రం డాక్టరు చెప్పినట్టు ముప్పై మెట్లకోసారి నిలబడి ఎక్కాడు. ఆయాసం రాలేదు. అయినా నిలబడ్డాడు. పక్కన హుస్సేన్‌బీ కూడా నిలబడింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

పైన అంచు సన్నటి కాలిబాట అంత ఉంది. ఒక పక్క రెయిలింగు. లోపల, చాలా కింద, పచ్చగా తెల్లగా సెగలు కక్కుతున్న గొంతు. అక్కడ నేలకి చెవి ఆనించాల్సిన పని ఎవరికీ లేదు. ఆ హోరు అరికాళ్లలోంచి పైకొచ్చి పళ్లలో అదురుతోంది. ఖలందర్ రెయిలింగు పట్టుకుని చాలాసేపు విన్నాడు. ఈ చప్పుడుని పక్కన పెట్టుకుని ఈవిడ ఇన్నేళ్లు కూర వండింది, బట్టలుతికింది, బిడ్డని పెంచింది అనుకున్నాడు.

ఎక్కేముందు మెట్ల మొదట్లో ఒక ముసలామె అమ్మితే హుస్సేన్‌బీ రంగురంగుల గడ్డిపూల గుత్తి కొంది. అక్కడివాళ్లు కొండకి మొక్కుకుని వాటిని లోపలికి విసురుతారు. ఒకాయన విసిరి, చేతులు జోడించి పక్కకి తప్పుకున్నాడు.

"నువ్వూ వేస్తావా?" అన్నాడు ఖలందర్, ఆవిడ చెవి దగ్గర గట్టిగా.

హుస్సేన్‌బీ కిందకి తొంగి చూసింది. "దానికెందుకయ్యా?" అంది. "నేను పుట్టకముందు నుంచీ ఉడుకుతానే ఉంది. మనం పోయినాకా ఉడుకుద్ది."

పూలగుత్తి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టుకో. ఇంకో చెయ్యి మాత్రం రెయిలింగు వదలమాక. బాగా నిటారుగా ఉంది."